కత్తి తగలని పుట్టువెంట్రుకలు

జడ వేసుకున్న మగపిల్లవాణ్ణి మా నర్సింగ్ హోములో చేర్చుకున్నది, నాకు గుర్తున్నంత వరకు, ఒక్కసారే. ఆ జడ చూసి మా కాంపౌండరు ఆడపిల్ల అనుకుని ఆడవాళ్ల గదిలో మంచం చూపించాడు. అతని తప్పేమీ లేదు. పిల్లవాడు మెడదాకా దుప్పటి కప్పుకుని ఉన్నాడు, ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది, జడ చివర కనకాంబరాలు కూడా ఉన్నాయి. "పాపా, నొప్పి యాడ?" అని అడిగాడు కాంపౌండరు. పిల్లవాడు దుప్పటి తీసి, నిక్కరు కిందికి లాగి చూపించాడు. ఆడవాళ్ల గదంతా గొల్లున నవ్వింది; మంచం మాత్రం ఇక మార్చలేదు. వీడి ఒంట్లో నెత్తురు లేదు గానీ పొగరుకు లోటు లేదని నాకు అప్పుడే అర్థమైంది.

ఇప్పుడు మీరు చేతికి తొడుగులు, ముక్కుకు గుడ్డ, తలకు టోపీ పెట్టుకుని క్యాన్సరు వార్డులో తిరుగుతున్నారు. ఎనభైలలో ఆదోనిలో ఎలా ఉండేదో చెప్పమని అడిగారు కాబట్టి చెప్తున్నా. నేను నర్సును కాను, ఆయాను. నాకు సంతకం ఒక్కటే వచ్చు, అదీ వంకరగా. నా మొగుడు పత్తి జిన్నింగు ఫ్యాక్టరీలో దూది దుమ్ము మింగి మింగి, దగ్గి దగ్గి పోయాడు. కూర్చుని ఏడవడానికి తీరిక లేదు, ఆస్పత్రి చీపురు పట్టుకున్నా. చీపురు నుంచి బెడ్‌ప్యానుకు, బెడ్‌ప్యాను నుంచి రోగిని పట్టుకునే పనికి ఎదిగా. డాక్టరు సూది వేస్తుంటే చేయి కదలకుండా పట్టుకోవాలి. అదే నా ఉద్యోగం. నవ్వకండి. ఎందుకు అంత గట్టిగా పట్టుకోవాలో చెప్తాను.

పిల్లవాడిది చిప్పగిరి వైపు మెట్టపల్లె. తండ్రికి కొంచెం చేను ఉంది, వానపడితే వేరుశనగ, పడకపోతే కూలి. తల్లి చిన్నపిల్లను పెట్టుకుని ఊళ్లోనే ఉండిపోయింది. పిల్లవాడి వెంట ఉండటానికి వచ్చింది తండ్రి తల్లి, వాడి జేజి; తండ్రి వస్తూ పోతూ ఉండేవాడు. ఆమెను నేను అవ్వా అని పిలిచేదాన్ని. చిగుళ్ల నుంచి రక్తం, ఒంటి మీద నల్లటి మచ్చలు, తగ్గని జ్వరం చూసి మా డాక్టరు వాళ్లను మద్రాసు పంపాడు. అక్కడ ఎముకలో సూది పొడిచి రక్తపు క్యాన్సరని తేల్చారు. నెలల తరబడి అక్కడే ఉండాలనేసరికి, అరవం రాదు, అన్నంలో రుచి లేదు అని అవ్వ పిల్లవాణ్ణి రైలెక్కించుకుని వచ్చేసింది. మా డాక్టరు ఆ మద్రాసు ఆస్పత్రిలోనే చదివినవాడు. ఆయన గురువు ఫోన్ చేసి, "వాళ్లు ఎలాగూ ఇక్కడికి రారు, మందులు పంపుతాను, నువ్వే ఎక్కించు" అన్నాడట. మా డాక్టరు నోరు మంచిది కాదు, చేయి మంచిది. ఒప్పుకున్నాడు.

చేరిన రోజే అవ్వనూ పిల్లవాడి తండ్రినీ వరండాలో కూర్చోబెట్టి చెప్పాడు.

"ఎముక లోపల మూలుగ ఉంటాది. రక్తం తయారయ్యేది దాంట్లోనే. అది చెడిపోయింది. ఈ మందులు చెడిపోయినదాన్ని చంపుతాయి. ఆ తర్వాత మంచిది మళ్ల మొలవాల."

"మొలవకపోతే?" అంది అవ్వ.

"మొలవకపోయినా, తగ్గినట్టే తగ్గి మళ్ల తిరిగొచ్చినా, తోడబుట్టినోళ్ల మూలుగ తీసి ఎక్కించాల. బొంబాయిలో ఈ మధ్యనే మొదలుపెట్టినారు. అది మనకు అందేది కాదు అవ్వా. అందుకే చెప్తాండా, ఈ సూదులే మనకుండే దావ. నడమ లేచిపోయినారంటే పిల్లోడు దక్కడు."

తోడబుట్టినవాళ్లు అనే మాట అవ్వ చెవిలో పడింది. ఆ సాయంత్రమే కొడుకును ఊరికి తోలి, పిల్లవాడి చెల్లెల్ని ఎక్కడో చుట్టాలింట్లో దాచిపెట్టించింది. డాక్టరు ఆ పసిదాని ఎముకలు విరిచి మూలుగ పీలుస్తాడని భయం. తనకు తెలిసిన వైద్యం తను చేసింది. నల్లిబొక్కలు ఉడికించిన చారు క్యారియరు నిండా తెచ్చింది. "మూలుగ తక్కువైతే మూలుగే తాపాల గదా, ఇంతమాత్రానికి బొంబాయి యాల?" అంది. డాక్టరు ఏదో అనబోయి ఆ వాసన చూసి ఆగిపోయాడు. పిల్లవాడు తాగలేకపోతే మిగిలిన చారు ఆయనా కాంపౌండరూ పంచుకున్నారు. నాకు బొక్క మిగిలింది.

మందులు రెండు. ఒకటి నీళ్లలా ఉండేది, ఇంకోటి ఎర్రటిది. పైన రోజూ మాత్రలు. వారానికోసారి నరంలోకి సూది. ఆ మందు నరంలోనే పోవాలి, చుక్క పక్కకు జారితే చుట్టూ కండ కాలిపోతుంది. అందుకే పట్టుకోవాలి అన్నది. కాంపౌండరు ఎర్రమందును చూస్తే గోడకు అతుక్కుపోయేవాడు. అది ఒంటి మీద పడితే మగతనం పోతుందని ఎవరో చెప్పారట. "ఇంటి నిండా పిల్లలుండారు, ఇంకా ఎవురి కోసరం దాచుకుంటావప్పా?" అని అడిగా. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ నీళ్లలాంటిది, మేము తెల్లమందు అనేవాళ్లం, చల్లగా ఉండాలి. మద్రాసు నుంచి థర్మాస్ ఫ్లాస్కులో ఐసుముక్కల మధ్య పెట్టి బొంబాయి వైపు పోయే రైల్లో పంపేవారు. స్టేషనుకు పోయి తెచ్చేది నేను. అది డాక్టరు ఇంట్లో ఫ్రిజ్జులో, ఆయన భార్య రుబ్బిపెట్టిన దోసెపిండి పక్కన కూర్చునేది. కరెంటు పోయినప్పుడల్లా ఆయన ఫ్రిజ్జుకు అడ్డంగా నిలబడి, "ఎవురూ తలుపు తీయొద్దండి" అని సొంత పెళ్లాం మీదే అరిచేవాడు.

ఆ మందు మన వాకిట్లో పూసే బిళ్ళగన్నేరు నుంచి తీస్తారని ఒకరోజు ఆయన నోరు జారాడు. మరునాటికి ఆస్పత్రి ముందున్న మొక్కలన్నీ మొండి. అవ్వ ఆకులు దూసి వెనక పెరట్లో కషాయం కాస్తోంది. డాక్టరు పరుగున వచ్చి గిన్నె తన్నేశాడు.

"అవ్వా, దాంట్లో విషముంది!"

"ఇసమైతే నువ్వు సూదిలో పెట్టి యాల పొడుస్తాండావు?"

డాక్టరు దగ్గర జవాబు ఉంది. కానీ అది చెప్పేలోపు ఆమె పొయ్యి ఆర్పి వెళ్లిపోయింది. ఎర్రమందు ఎక్కించిన రోజు ఉచ్చ ఎర్రగా వస్తుంది, భయపడొద్దని ముందే చెప్పాం. అవ్వ భయపడి నిమ్మకాయలు కోసింది. పిల్లవాడు మాత్రం పెరటిగోడ మీద ఎర్రగా గీతలు పోసి, గదిలో ఆడవాళ్లందరినీ రండి చూడండి అని పిలిచాడు. "అత్తా, నాది సూడు, హోలీ!" అన్నాడు నాతో. వాడు నన్ను అత్తా అనేవాడు. ఆయా అని పిలిస్తే పలకనని మొదటిరోజే చెప్పాను.

ఇక జడ సంగతి.

ఆ జడ వాడి పుట్టువెంట్రుకలు. ఎనిమిదేళ్లొచ్చినా కత్తి తగల్లేదు. మన వైపు పద్ధతి మీకు తెలిసిందే కదా, పిల్లవాడికి మొదటిసారి తల తీసేటప్పుడు మేనమామ తొడ మీద కూర్చోబెట్టుకోవాలి. వీడికి మేనమామ ఉన్నాడు, ఎమ్మిగనూరులో జట్కా తోలేవాడు. వీడి ఏడాదిలోనే ఇంటి దేవుడి కొండ దగ్గర అన్నీ సిద్ధం చేశారు. మేనమామ కొత్తచొక్కా పట్టుకుని వచ్చాడు. అవ్వ ఆ చొక్కాను పదిమందిలో ఎత్తిపట్టి, "ఏందప్పా ఇది, పిండి జల్లించుకునే గుడ్డా, లేకుంటే గుర్రానికి కప్పి మిగిలిందా?" అంది. ఆయన చొక్కా లాక్కుని, తొడ ఇవ్వనని చెప్పి వెళ్లిపోయాడు. ఆమె వచ్చి పిలిస్తేనే వస్తానన్నాడు. ఆమె పిలవనంది. తొడ లేనిదే తల తీయరు, తల తీయనిదే మొక్కు తీరదు. రెండు ఇళ్ల రోషం ఆ పిల్లవాడి నెత్తిన జడై వేలాడింది. తల్లికి తమ్ముడి పేరెత్తే హక్కు కూడా లేకపోయింది.

డాక్టరు మొదటే చెప్పాడు, ఈ మందులకు జుట్టు ఊడుతుందని. అవ్వ వెంటనే లేచింది. "అట్లయితే ముందు కొండకు తీసకపోయి సామి సొమ్ము సామికిచ్చి వస్తాం. ఆ మీద నీ సూదులు." డాక్టరు ఒప్పుకోలేదు. పెద్ద గొడవైంది. ఆఖరికి ఆమె ఒక్క షరతు పెట్టింది. ఆ జడను తను తప్ప ఎవరూ ముట్టకూడదు. డాక్టరు మాటిచ్చాడు. నా వైపు తిరిగి, "ముఖ్యంగా నువ్వు. మొగుడు పోయినదానివి, నా మనవని పుట్టెంటికల మీద సేయి పడకూడదు" అంది.

"నీ మొగుడు యాడుండాడు అవ్వా, మిలిట్రీలోనా?" అన్నా.

పక్కమంచం బాలింత నవ్వు ఆపుకోలేక దిండులో ముఖం దాచుకుంది. అవ్వ కొంచెంసేపు నన్ను కొరకొర చూసి, తనే నవ్వేసింది. ఆమెకు దంతాలు లేవు గానీ నవ్వు బాగుండేది.

సూదులు పడుతున్నాయి. కనుబొమలు పోయాయి. చేతుల మీద నూగు పోయింది. కానీ, గాలి తగలకూడదని అవ్వ తలకు చుట్టిన గుడ్డ కింద జడ మాత్రం వేలాడుతూనే ఉంది! డాక్టరు కూడా ఆశ్చర్యపోయాడు. మద్రాసు గురువుకు ఫోన్లో కూడా చెప్పాడు. కాంపౌండరు అయితే ఇది కొండ మీది సామి మహిమ అని తేల్చేశాడు. నేను తెల్లారి పక్క దులిపితే దిండు మీద ఒక్క వెంట్రుక కనిపించేది కాదు. పిల్లవాడు మాత్రం అప్పుడప్పుడు చెవి పక్కన వేలు పెట్టి, ఒక కుచ్చు పీకి, "ఇది నీకు అత్తా" అని నా చేతిలో పెట్టేవాడు. నొప్పిలేదా అంటే లేదనేవాడు. కాంపౌండరు భోజనం విప్పుకున్నప్పుడు చూసి మరీ పీకి, అతని ముందు పెట్టేవాడు. ఆ కుచ్చులన్నీ అవ్వ పరుగున వచ్చి కొంగున ముడేసుకునేది.

ఒకరోజు పొద్దున వాడికి జ్వరం పట్టుకుంది. ముట్టుకుంటే పెనం. డాక్టరు గుండె చూశాడు, గొంతు చూశాడు, ఎక్కడా ఏమీ లేదు. మెడ వెనక వంగి వాసన చూశాడు.

"జడ విప్పు" అన్నాడు.

"విప్పను. మాట ఇచ్చినావు."

"విప్పు అవ్వా."

ఆమె జడను రెండు చేతుల్తో పట్టుకుంది. ఆయన ఆమె చేతుల్లోంచే లాగాడు. జడ మొత్తం ఊడి ఆయన చేతిలోకి వచ్చింది. ఆవుతోకలా వేలాడుతోంది.

జరిగింది ఇది. రాలిన ప్రతి వెంట్రుకనూ అవ్వ నేను రాకముందే దిండు మీద నుంచి ఏరుకుంటోంది. సామి సొమ్ము చీపురు పాలు కాకూడదు కదా. వాటన్నిటినీ నల్లదారంతో పేని, తలకు మిగిలిన నాలుగు వెంట్రుకలకు కట్టి, ఆముదం పూసి, బిగించి రోజూ జడ అల్లుతోంది. ఊడిన జడను తల మీద నిలబెట్టింది. ఆ బిగువుకు, ఆ నూనె జిడ్డుకు మాడు వెనక పుండ్లు పడ్డాయి. మామూలు పిల్లవాడికైతే పసుపు రాస్తే పోయే పుండ్లు. మందులు పడుతున్న పిల్లవాడికి అవి ప్రాణం మీదికి వచ్చాయి.

డాక్టరు తిట్టలేదు. ఆయన తిట్టకపోతే మాకు ఇంకా భయం. పుండ్లు కడిగించి, సెలైన్ పెట్టి, ఉన్నవాటిలో పెద్ద మందు ఎక్కించడం మొదలుపెట్టాడు. అవ్వ జడను ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. కాసేపటికి లేచి మూట కట్టింది.

"ఇంక మాటల్లేవు. ఇంకా నాలుగు ఎంటికలు తలన ఉండాయి. అవి రాలకముందే కొండకు తీసకపోయి ఇచ్చేస్తాం. సామి అలిగినాడు. జ్వరం అందుకే."

"వాని ఒంట్లో తెల్లకణాలు లేవు. పండిన పంట కళ్లంలో పెట్టి కాపలా లేకుండా పోయినట్టుంది ఇప్పుడు వాని పరిస్థితి. బస్సులో ఎవుడన్నా తుమ్మితే చాలు. కొండ కాడ కత్తిగాటు పడితే రక్తం నిలవదు. కొండ మీదికి పోయేది మీరు నలుగురు, దిగొచ్చేది ముగ్గురు" అన్నాడు డాక్టరు.

తండ్రి ఇటు చూశాడు, అటు చూశాడు. "అమ్మ సెప్తాంది గదా సార్..."

అప్పుడు నాకు ఆగలేదు. "మీ యమ్మ సచ్చేదాకా సెప్తానే ఉంటాది. నీ కొడుకు వినేదానికన్నా బతికుండల్ల గదా!" అన్నా. డాక్టరు నన్ను బయటికి పొమ్మన్నాడు. నేను గడప దగ్గరే నిలబడ్డా.

మంచంలో నుంచి పిల్లవాడు, కళ్లు మూసుకునే, "జేజీ, ఈడే పీకెయ్, నొప్పి ల్యా" అన్నాడు.

డాక్టరు ఆ మాటను పట్టుకున్నాడు. "ఔను. ఈడే తీద్దాం. కత్తి లేకుండా. తీసిన వెంట్రుకలు మీరు కొండకు తీసకపోండి."

"మేనమామ తొడ యాడుండాది?" అంది అవ్వ. "తొడ లేకుండా తీస్తే అది క్షవరం, మొక్కు కాదు."

"మేనమామ వస్తే?" అన్నా నేను గడప అవతల నుంచి.

అవ్వ నవ్వింది. ఈసారి ఆ నవ్వు బాగాలేదు. "ఆ జట్కావోడా? వాడొస్తే ఈడే ఇస్తా. పొద్దుగూకేలోపల రాకపోతే నా మనవడు నా సంకన. ఎవురు అడ్డమొచ్చినా సరే."

రాడని ఆమెకు నమ్మకం. వస్తాడని నాకూ నమ్మకం లేదు. డాక్టరు, "ఏం చూస్తాండావు, బస్టాండుకు పో" అన్నాడు.

ఎమ్మిగనూరు బస్సు ఆరోజు నాకు ఎద్దులబండి కంటే నెమ్మదిగా పోయింది. బస్టాండు బయట జట్కాల వరసలో ఆయన్ను పట్టుకున్నా. గుర్రానికి గడ్డి వేస్తున్నాడు. ముక్కు, కళ్లు అచ్చం పిల్లవాడివే. పొగరు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలిసింది.

"నేను రాను. ఆ ముసల్ది వచ్చి పిలిస్తేనే తొడ ఇస్తానని ఆపొద్దే సెప్పినా."

"ముసల్ది పిలవలేదు. నేను పిలుస్తాండా."

"నువ్వెవురు?"

"మీ అక్క కొడుకు ఉచ్చ ఎత్తేదాన్ని."

ఆయన గడ్డి వేయడం ఆపలేదు. "సెప్పు పో ఆమెకు. ఆమె మాట ఆమెకు, నా మాట నాకు."

"ఏమప్పా, నీ తొడ ఏమన్నా బంగారంతో పోసినారా? గుర్రం లద్ది కంపు కొడతాంది. ఆ పిల్లోడు కూసుంటానన్నాడు, అదే ఎక్కువ!"

పక్క జట్కావాళ్లు నవ్వారు. ఆయన కొరడా ఎత్తాడు. నేను కదల్లేదు. ఎత్తిన కొరడా అలాగే పట్టుకుని, గొంతు తగ్గించి అడిగాడు. "వానికి జ్వరమనే ఇన్నాను. మల్ల యాల నువ్వు ఇంత దూరం వచ్చినావు?"

ఆయనకు ఎవరూ చెప్పలేదు. అక్కను చెప్పనివ్వలేదు. నేను చెప్పా. రక్తం, మూలుగ, సూదులు, జడ, పుండ్లు, సాయంత్రంలోపు అనే మాట. చెప్తూ ఉంటే ఆయన గుర్రం మెడ మీద చేయి వేశాడు. మాట అయిపోయేసరికి ఆ చేతి మీదే ఆనుకుని నిలబడ్డాడు. పక్కవాడికి పగ్గాలిచ్చి, "ఇప్పుడే వస్తా" అని ఇంటికి పరిగెత్తాడు. పారిపోయాడు అనుకున్నా. కాగితం పొట్లం ఒకటి చంకన పెట్టుకుని తిరిగొచ్చాడు. బస్సులో ఒక్కటే మాట మాట్లాడాడు. "మూలుగ కావాలంటే నాది తీసుకోమను. నాకు శానా ఉండాది." అది తోడబుట్టినవాళ్లదే కలిసే అవకాశం ఎక్కువని డాక్టరు చెప్పిన సంగతి నాకు తెలుసు. ఆయనకు చెప్పబుద్ధి కాలేదు.

మేము వచ్చేసరికి ఎండ గోడల మీదికి ఎక్కింది. అవ్వ గేటు దగ్గర మూట మీద కూర్చుని ఉంది. ఆయన్ను చూసి లేవలేదు. ఆయన ఆమెను చూసి ఆగిపోయాడు. ఇద్దరిలో ఎవరు ముందు మాట్లాడినా ఓడిపోయినట్టే. తండ్రి ఒక పక్క చేతులు నలుపుకుంటున్నాడు. లోపల పిల్లవాడికి ఒళ్లు కాలిపోతోంది, బయట ఈ ఇద్దరూ కోడిపుంజుల్లా నిలబడ్డారు.

"తిని వచ్చినావా?" అంది అవ్వ చివరికి, ఎటో చూస్తూ.

"ల్యా."

"ఏమ్మే ఆయమ్మా, వీనికి ఇంత కూడు పెట్టు. తొడ వణికితే నా మనవడు పడిపోతాడు."

డాక్టరు అప్పటికే కొండ దగ్గర తలలు గొరిగే పెద్దాయన్ను పిలిపించి ఉంచాడు. ఆ పెద్దాయన చేత సబ్బుతో చేతులు కడిగించాడు, స్పిరిటుతో కడిగించాడు, మళ్లీ సబ్బు. "నన్ను కూడా గొరిగి పంపిస్తాడా ఏంది?" అని ఆయన నా చెవిలో గొణిగాడు. కత్తి తెరవకూడదని చెప్తే ముఖం మాడ్చుకున్నాడు. అవ్వకు ఇంకో అనుమానం మిగిలింది. దేవుడు లేనిచోట మొక్కు ఎలా తీరుతుంది? గోడ మీద క్యాలెండరు చూసి, ఆ సామి వేరే ఊరి సామి అంది. అప్పుడు ఆ పెద్దాయనే చెప్పాడు. "నేను పుట్టినప్పటి నుంచి కొండ కాడ కూసోని తలలు తీస్తాండా తల్లీ. సామి ఏనాడూ తలకాయ ఏదని అడగలేదు. ఎంటికలే అడిగినాడు."

మేనమామకూ స్నానం చేయించి, ఉతికిన పంచె కట్టించి మంచం మీద బాసింపట్టు వేయించి కూర్చోబెట్టాం. తండ్రి పిల్లవాణ్ణి ఎత్తి ఆయన తొడ మీద కూర్చోబెట్టాడు. చేతికి సెలైన్ గొట్టం అలాగే ఉంది. ఇది శుభకార్యం కదా అని నేను గోడ పక్కకు జరిగా. వెంట్రుకలు పట్టడానికి మేనత్త కావాలి. తండ్రికి అక్కచెల్లెళ్లు లేరు. అవ్వ గదంతా చూసింది. బాలింతలు పనికిరారు, నర్సమ్మ వేరే మతం.

"యాడికి జరుగుతాండావు? వాడు అత్తా అత్తా అని సచ్చేది నిన్నే గదా. పట్టు" అంది నాతో.

"మొగుడు ల్యా నాకు."

"నాకుండాడా? మిలిట్రీలో ఉండాడు. పట్టవే."

ఉడకబెట్టిన దిండుగలీబు పట్టుకుని నిలబడ్డా. పెద్దాయన మూసిన కత్తి పిడితో తల మీద ఒకసారి ఊరికే తాకించాడు. మొదటి కుచ్చు మేనమామ తీయాలి. ఆయన చెవి పైన మిగిలిన నాలుగు వెంట్రుకలు పట్టుకున్నాడు. పట్టుకుని ఆగిపోయాడు.

"లాగు మామా" అన్నాడు పిల్లవాడు. ఊహ తెలిశాక మామను వాడు చూడటం అదే మొదలు. "ల్యా, నొప్పి ల్యా. గట్టిగా లాగు."

లాగాడు. గడ్డిపోచ మట్టిలోంచి వచ్చినంత సులువుగా వచ్చేసింది. అది చూసి ఆ జట్కా ఆయన, కొరడా ఎత్తిన మనిషి, పిల్లవాడి గుండు మీద ముఖం పెట్టబోయాడు. "ముట్టద్దు, ముట్టద్దు!" అని డాక్టరు అరిచాడు. ఆయన ముఖం పక్కకు తిప్పుకుని ఏడ్చాడు. మిగిలినవి నేను తడిగుడ్డతో తుడిచా. అవ్వ తెచ్చిన జడ కూడా గలీబులో పడింది.

అప్పుడు మేనమామ కాగితం పొట్లం విప్పాడు. అదే చొక్కా. ఏడాది పిల్లవాడి చొక్కా. ఇన్నేళ్లు ఇంట్లోనే ఉంచాడు. మేము గుక్క తిప్పుకోక ముందే పిల్లవాడు దాన్ని అటూఇటూ తిప్పి చూసి, "ఇది నాకా? నా కాలుకు కూడా పట్టదు" అని గుండుకు చుట్టుకున్నాడు. తలగుడ్డలా సరిగ్గా సరిపోయింది. డాక్టరు దాన్ని తీయించి, ఉడకబెట్టించి, మళ్లీ ఇచ్చాడు.

అవ్వ దాని అంచు వేళ్లతో నలిపి చూసింది. "గుడ్డ మంచిదే" అంది. అంతకంటే ఆ నోట ఏమీ రాలేదు. మేనమామకు అదే చాలు.

తండ్రీ మేనమామా ఆ గలీబు తీసుకుని కలిసి కొండకు పోయారు. వాళ్లు తిరిగొచ్చేసరికి జ్వరం దిగుతోంది. అవ్వ సామి అంది. డాక్టరు మందు అన్నాడు. కాంపౌండరు రెండూ అన్నాడు. నేను పక్క మార్చే పనిలో ఉన్నా.

ఆ తర్వాత ఒక్క సూదీ తప్పలేదు. మేనమామ వారంవారం ఎమ్మిగనూరు నుంచి వచ్చేవాడు, తొడ ఇవ్వడానికి కాదు, నేను పట్టుకునే చేయికి అవతలి చేయి పట్టుకోవడానికి. మాత్రలు ఏళ్లపాటు మింగాడు పిల్లవాడు. జబ్బు తిరిగి రాలేదు. దాచిపెట్టిన చెల్లెలు బయటికొచ్చింది. అన్నతో తగవులాడినప్పుడల్లా, "నా మూలుగ నీ కోసరమే దాసినారు, గుర్తు పెట్టుకో" అని ఇప్పటికీ అంటుంది. ఇప్పుడు ఎముక పొడవకుండానే, చేతి నుంచి రక్తం తీసి, దాంట్లో మూలకణాలు ఏరుకుని ఎక్కిస్తున్నారని మీరు చెప్తున్నారు. మంచిదే. అవ్వ ఉంటే మిమ్మల్ని కూడా నమ్మేది కాదు.

ఒక మాట దాచకుండా చెప్తా. అదే గదిలో, అవే మందులు, అదే డాక్టరు, అవే నా చేతులు. ఆ తర్వాత వచ్చిన పిల్లలందరూ బతకలేదు. ఒక ఆడపిల్ల అన్నీ సక్రమంగా చేసినా పోయింది. వాళ్ల జేజి జడ కూడా అల్లలేదు. వీడెందుకు దక్కాడు, ఆ పిల్లెందుకు పోయింది అని డాక్టర్ని అడిగా. "తెలిస్తే నీకు చెప్పకుండా ఉంటానా?" అన్నాడు. అంత నోరున్న మనిషి అంత చిన్నగా మాట్లాడటం అప్పుడే విన్నా. కాబట్టి మీరు మీ పని చేయండి, గట్టిగా పట్టుకోండి, ఎవరి మహిమో తర్వాత వాదించుకోవచ్చు.

మొన్నీమధ్య వాడు ఇంటికొచ్చాడు. లావెక్కాడు. పెళ్లాం వెంట ఉంది. తల మీద టోపీ. లోపలికి రాగానే టోపీ తీసి నా ముందు వంగాడు. నడినెత్తి నున్నగా మెరుస్తోంది. చుట్టూ మాత్రం కొంచెం జుట్టు.

"సూడత్తా! మల్ల పాయె. ఇది ఏం మందుకు?"

"ఇది మందు కాదురా, వయసు. మీ మామకు కూడా ఇట్లే పోలా?"

వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. చెవి పైన ఒక కుచ్చు పట్టుకున్నా. మామ పట్టుకున్న చోటే. పట్టుకుని గట్టిగా లాగా.

"అబ్బా! సంపుతావా ఏంది ముసల్దానా!" అని ఎగిరి గెంతాడు.

ఒక్క వెంట్రుక కూడా చేతికి రాలేదు. ఇంకోసారి లాగాను.